గూగుల్ షీట్స్‌లో కెరీర్ టైమ్‌లైన్: బిగ్ జే ఆటగాడా, కోచా?

అందరికీ నమస్తే. ఒక మనిషి కెరీర్‌ని గూగుల్ షీట్స్‌లో బార్లుగా ఎలా చూపించాలో ఇవాళ చేసేద్దాం. దీనికి ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ ఆటగాడు రాబర్ట్ జవోర్స్కీని తీసుకున్నా, అక్కడివాళ్ళకి బిగ్ జే. ఈయనే ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

కొత్త షీట్ తెరవండి. షీట్స్ డాట్ న్యూ అని అడ్రస్ బార్‌లో కొడితే చాలు, డ్రైవ్‌లోకి వెళ్ళడం, ప్లస్ నొక్కడం, అదంతా ఎందుకండీ. మూడు కాలమ్స్: పాత్ర, మొదలు, ఎన్నేళ్ళు. ఇదిగో, ఇలాగే కొట్టేయండి. టయోటా ఆటగాడు, 1975, 9. ఫిలిప్పీన్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ పీబీఏ మొదలైంది ఆ ఏడే, మన లెక్కా అక్కడి నుంచే. 1978లో ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు. 1984లో టయోటా జట్టు ఎత్తేశారు, ఈయన గిల్బీస్ జిన్ జట్టుకి వచ్చాడు.

ఇక్కడ కాస్త ఆగండి, అందరూ తడబడేది ఇక్కడే. గిల్బీస్ జిన్, జినెబ్రా, అన్యెహో రమ్, గోర్డన్స్ జిన్ అని పేర్లు కనిపిస్తాయి, నాలుగు వరసలు పెట్టేయాలనిపిస్తుంది. వద్దు. జట్టు ఒక్కటే, కంపెనీ ఏ సీసా అమ్ముకోవాలనుకుంటే ఆ పేరు! కాబట్టి ఒక్క వరస: జినెబ్రా ఆటగాడు, 1984, 13.

అసలు చిక్కు ఇంకోటుంది. 1985లో ఆ జట్టుకే కోచ్ అయ్యాడు, కానీ ఆడటం మానలేదు. ఆట ఆగాకే కోచింగ్ అని మనం అలవాటుగా 1997 నుంచి బార్ వేస్తే పన్నెండేళ్ళు గల్లంతు. అందుకే కోచ్‌కి వేరే వరస: 1985, 13. రెండు బార్లూ ఒకదాని కింద ఒకటి వస్తాయి, రావాలి కూడా. ఆ 1985లోనే ఎన్సీసీ అనే ఇంకో పీబీఏ జట్టుతో మ్యాచ్‌లో మోచేయి తగిలి పెదవి చిట్లితే, ఆసుపత్రికెళ్ళి 9 కుట్లు వేయించుకుని, తిరిగొచ్చి మళ్ళీ కోర్టులోకి దిగాడు, వెనకబడ్డ జట్టు గెలిచింది. బెంచి మీద కూర్చునే కోచ్‌కి ఆ కుట్లు పడవు కదా.

సెనేటర్, 1998, 6. అయిపోయింది.

మొత్తం సెలెక్ట్ చేసి ఇన్సర్ట్, చార్ట్, స్టాక్డ్ బార్. సిరీస్‌లో 'మొదలు' ఎంచుకుని ఫిల్ ఒపాసిటీ సున్నా చేయండి, ముందున్న భాగం మాయమైపోతుంది. అడ్డ యాక్సిస్ మినిమమ్ 1970 పెట్టండి, లేకపోతే బార్లన్నీ కుడి అంచుకి ఇరుక్కుపోతాయి.

కోచ్‌గా గెలిచిన టైటిళ్ళు నాలుగు, 1986, 1988, 1991, 1997, వాటికి బార్లు వద్దు, కోచ్ సెల్‌లో నోట్ పెట్టండి, షిఫ్ట్ ఎఫ్2. నాకు కామెంట్ కంటే నోటే ఇష్టం, నోటిఫికేషన్ల గోల ఉండదు. 1991 పక్కన 'షెల్ మీద 1-3తో వెనకబడి' అని రాసుకోండి, షెల్ అంటే ఫైనల్లో ప్రత్యర్థి జట్టు, 1-3 అంటే ఒక మ్యాచ్ గెలిచి మూడు ఓడటం; చివరి మ్యాచ్‌లో చివరి షాట్ జినెబ్రా ఆటగాడు రూడీ డిస్ట్రిటోది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల రజతం కూడా కోచ్ ఖాతాలోదే, కానీ అది జాతీయ జట్టు, కలిపేయకండి.

మూడు చుక్కలు, డౌన్‌లోడ్ చార్ట్, పీఎన్‌జీ. అంతే.