ఎర్రటి ఆకులు వెతకొద్దు: నల్లమల ఘాట్ రోడ్డు మీద రెండు రోజుల ఫొటోల ప్రయాణం

తమ్ముడు: అందరికీ నమస్కారం. దసరా దగ్గర పడిందంటే నల్లగొండలో మా దోస్తుల మధ్య ఒకటే ముచ్చట. కెమెరాలు పట్టుకుని కారులో కొండల వైపు పోదాం అని. ప్రతిసారీ అనుకుంటాం, చివరికి సాగర్ కట్ట దాకా పోయి వచ్చేస్తాం. ఈసారి అట్లా కావద్దని పాలమూరు నుంచి ఒక అక్కను పిలిచాను. బడిలో పిల్లలకు పాఠాలు చెప్తారు. వానలు వెనకబట్టగానే ప్రతి ఏడూ నల్లమల దారి పడతారు. అక్కా, సూటిగానే అడుగుతా. కశ్మీర్‌లో చినార్ చెట్లు ఎర్రగా మండినట్టు కనబడతాయి కదా, ఆ రంగు మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది?

అక్క: దొరకదు తమ్ముడూ. ఆ మాట ముందే చెప్పుకుంటే మంచిది. ఆ రంగు కోసం అక్టోబర్‌లో నల్లమలకు పోయినవాళ్లు అంతా పచ్చగానే ఉందని నిరాశపడి వస్తారు. చలి ముదిరి, పగలు చిన్నదవుతుంటే అక్కడి చెట్లు రంగు మారతాయి. మన అడవిలో టేకు, నల్లమద్ది లాంటి చెట్లు నేలలో నీళ్లు తగ్గినప్పుడు ఆకు రాలుస్తాయి. అది జనవరి దాటాక మొదలవుతుంది. ఆ తర్వాత అడవంతా బోసిపోయి, ఆ బోసిలోనే మోదుగ పూస్తుంది. మనకు ఎరుపు కావాలంటే ఫిబ్రవరి, మార్చిలో పోవాలి.

తమ్ముడు: మరి అక్టోబర్, నవంబర్‌లో ఏముంటుంది?

అక్క: వెలుతురు ఉంటుంది. వాన కడిగిన గాలి ఉంటుంది. నిండిన నీళ్లు ఉంటాయి. ఎండాకాలంలో ఎదుటి కొండ బూడిద రంగులో మసకగా కనబడుతుంది. ఆశ్వయుజంలో చూస్తే కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, అన్నీ విడివిడిగా కనబడతాయి. ఇక రంగు అంటావా, మన శరత్తు రంగు పసుపు. బతుకమ్మకు తెచ్చే తంగేడు రోడ్డు పక్కనే పూసి ఉంటుంది. చేల గట్ల మీద గునుగు, వెండి మీద కొంచెం గులాబీ చల్లినట్టు. పొద్దున ఎండకు ఎదురుగా నిలబడి గునుగు పూవును తీసి చూడు, కంకి అంచంతా వెలుగుతుంది. నవంబర్ వచ్చేసరికి బోద గడ్డి ఎండి బంగారం రంగుకు తిరుగుతుంది, కంది పూతకు వస్తుంది, పత్తి చేలు తెల్లబడతాయి. ఇవన్నీ ఘాట్ ఎక్కకముందే, దారిలోనే. చాలామంది అడవిలోకి పోయేదాకా కెమెరా బయటికే తీయరు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

తమ్ముడు: సరే, దారి చెప్పండి. మీరు పాలమూరు నుంచి, నేను నల్లగొండ నుంచి.

అక్క: ఇద్దరం కలిసేది డిండి దగ్గర. నువ్వు దేవరకొండ మీదుగా వస్తావు. నేను జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా కొట్ర దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కుతాను. జడ్చర్ల నుంచి హైదరాబాద్ వైపు కొంచెం పోతే బాలానగర్ వస్తుంది. ఆ ఊరి పేరు మీదనే సీతాఫలంలో ఒక రకం ఉంది. అక్టోబర్‌లో రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని ఆడవాళ్లు అమ్ముతుంటారు. అక్కడ నేను తప్పకుండా ఆగుతాను. పండ్లు కొని, మాట్లాడి, అడిగి, ఆ తర్వాతే కెమెరా తీస్తాను.

తమ్ముడు: డిండి నుంచి?

అక్క: డిండి ప్రాజెక్టు, ఆ తర్వాత హాజీపూర్. అక్కడి నుంచి ఒక దారి అచ్చంపేటకు పోతుంది. నేరుగా పోతే మన్ననూరు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఆ తర్వాత ఫర్హాబాద్, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. అక్కడి నుంచి మలుపులు దిగుతూ కృష్ణ మీదికి, డ్యాం దగ్గరికి. ఇదంతా ఒకే రోడ్డు. అందుకే దారి గురించి టెన్షన్ అక్కర్లేదు. టెన్షన్ పడాల్సింది టైము గురించి.

తమ్ముడు: ఎందుకు?

అక్క: రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి రోడ్డు మీద బండ్లను వదలరు. జంతువులు రోడ్డు దాటే వేళ అది, ఆ నియమం చాలా మంచిది. ఇప్పుడు లెక్క చూడు. అక్టోబర్ చివర మన దగ్గర సూర్యోదయం 6 గంటల 10 నిమిషాల ప్రాంతంలో. గేటు తీసేది 6కు. నువ్వు మన్ననూరు లైన్లో నిలబడి ఉంటే, నీ ముందు పది బండ్లు ఉంటే, ఎర్రటి ఆకాశం మొత్తం బండి అద్దంలో నుంచే చూస్తావు. నేను మొదటి రెండేళ్లు అట్లాగే పోగొట్టుకున్నాను. మూడో ఏడు నుంచి పద్ధతి మార్చాను. పొద్దున వెలుతురు ఎక్కడ కావాలో ముందు నిర్ణయించుకుంటాను, రాత్రి బస ఆ చోటికి దగ్గరలో పెట్టుకుంటాను.

తమ్ముడు: అంటే రెండు దారులున్నాయన్నమాట, గేటుకు ఇవతల పడుకోవడం, అవతల పడుకోవడం.

అక్క: అదే. ఇవతల పడుకుంటే తెల్లారేసరికి ఉమామహేశ్వరం పో. మన్ననూరు కంటే ముందే, రంగాపూర్ దగ్గర లోపలికి తిరగాలి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దాన్ని. కొండ బండల కిందకు ఒదిగి గుడి ఉంటుంది, పై నుంచి చూస్తే కింద మైదానం, చెరువులు, ఊళ్లు. రాత్రి ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉంటే కింద పల్లం మీద మంచు పొర పరుచుకుంటుంది. వానలకు తడిసిన నేల రాత్రి చల్లారినప్పుడు పుట్టే మంచు అది. ఎండ పడగానే కరిగిపోతుంది. అర్ధ గంట, ముప్పావు గంట, అంతే. కోతులు ఎక్కువ. చేతిలో కవర్ కనబడొద్దు.

తమ్ముడు: అవతల పడుకుంటే?

అక్క: సాయంత్రం వెలుతురు ఉండగానే మన్ననూరు దాటి దోమలపెంట వైపో, శ్రీశైలమో చేరుకో. గది ముందే బుక్ చేసుకోవాలి. పొద్దున దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్ ఉంది. డ్యాం వెనక నీళ్లు కొండల సందుల్లోకి చేతులు చాచినట్టు పోయి ఉంటాయి, అందుకే ఆ పేరు. డ్యాం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆగస్టు, సెప్టెంబర్ వరదలకు నిండితే అక్టోబర్, నవంబర్‌లో ఆ చేతులన్నీ నిండుగా కనబడతాయి. ఏప్రిల్‌లో పోతే ఒడ్డు వెంట బురద గీతలు కనబడతాయి. కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకైనా అంతే. కొల్లాపూర్ మీదుగా పోయే దారి అది, ఈ రెండు రోజుల్లో దాన్ని ఇరికించొద్దు. దానికి విడిగా ఒక రోజు ఇవ్వాలి.

తమ్ముడు: నాకైతే గేట్లు ఎత్తిన శ్రీశైలం డ్యాం ఫొటో కావాలి. పన్నెండు గేట్లూ ఒకేసారి.

అక్క: అది అందరికీ కావాలి. గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిన మరుసటి రోజు ఘాట్ మీద బండి కదలదు. నీటి తుంపర లెన్స్ మీద పడుతుంది, మనుషుల మధ్య ట్రైపాడ్ పెట్టే చోటుండదు. దొరికితే సంతోషం. దాన్నే నమ్ముకుని ప్లాన్ చేయొద్దు. దానికంటే ఈగలపెంట దాటాక కిందకు దిగే మలుపులు, ఎదురుగా నిలువు రాతి గోడ, అడుగున నది. ఆ లోయలోకి ఎండ ఆలస్యంగా దిగుతుంది. బయట ఎండ గట్టిపడ్డాక కూడా అక్కడ నీడలు మెత్తగా ఉంటాయి. ఒక్క మాట. మలుపులో బండి ఆపొద్దు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే డ్రైవర్‌కు నువ్వు కనబడవు. విశాలంగా ఉన్న చోట ఆపి, నడిచి వెనక్కి రా.

తమ్ముడు: మల్లెలతీర్థం జలపాతం?

అక్క: వటవర్లపల్లి నుంచి లోపలికి పోవాలి. మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. నాకు ఈ దారి మొత్తంలో ఎక్కువ ఇష్టమైన చోటు. పైన చెట్ల కప్పు, కింద నల్లటి బండ, దాని మీద నుంచి జారే నీళ్లు. ఎండ నేరుగా పడితే నీళ్లు తెల్లగా కాలిపోయినట్టు వస్తాయి. కాబట్టి మబ్బు పట్టిన రోజైనా, నీడ ఉన్న వేళైనా చూసుకో. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురు పట్టే గుణం, 100 పెట్టి, షట్టర్ అర సెకను దగ్గర మొదలుపెట్టు. సెకనుకు పైన పోతే నీళ్లు పాలపొగ లాగ అయిపోతాయి, నాకు నచ్చదు. ధార గీతలు కనబడాలి. పోలరైజర్ ఫిల్టర్ ఒక్కటి కొనుక్కో తమ్ముడూ. తడి ఆకు మీద, తడి బండ మీద మెరుపు తగ్గించి అసలు రంగు బయటికి తెస్తుంది. ఇంకో కొత్త లెన్స్ కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

తమ్ముడు: ఫోన్‌తో తీసేవాళ్లకు?

అక్క: వెలుతురున్న చోట వేలు నొక్కి పట్టి లాక్ చేసి, కొంచెం వెలుగు తగ్గించి తీయండి. ఆకాశం రంగు నిలుస్తుంది. పొద్దున, సాయంత్రం ఫోన్ కూడా బాగా తీస్తుంది. పన్నెండింటికి ఏ కెమెరా అయినా ఒకటే.

తమ్ముడు: మీరు పోగొట్టుకున్న ఫొటో ఏదైనా గుర్తుందా?

అక్క: ఉంది. ఒక నవంబర్‌లో రాత్రంతా ఏసీ గదిలో కెమెరా బయట పెట్టి పడుకున్నా. తెల్లారి బయటికి రాగానే ఎదురుగా కొండ నడుముకు మంచు చుట్టుకుని ఉంది. మూత తీయగానే లెన్స్ అద్దమంతా ఆవిరి. తుడుస్తుంటే మళ్లీ పడుతుంది. లోపల చల్లగా, బయట తేమగా ఉంటే అంతే, అద్దం వేడెక్కేదాకా పోదు. ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి మంచు లేదు. అప్పటి నుంచి బ్యాగు జిప్పు పెట్టి, లేవగానే ముందు బ్యాగును బయట వరండాలో పెడతాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి కెమెరా సిద్ధంగా ఉంటుంది.

తమ్ముడు: అడవిలో ఇంకేం జాగ్రత్తలు?

అక్క: వానకాలం మూడు నెలలు సఫారీ ఉండదు, అక్టోబర్‌లో మళ్లీ మొదలవుతుంది. ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీ శాఖ బండిలోనే పోవాలి. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయొద్దు. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలు సీసా తెచ్చుకో. పెట్రోల్ హాజీపూర్ దగ్గరో, అచ్చంపేటలోనో నింపుకో. సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే దింపుకో. ఇక బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే వాయిదా వేయి. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను వానకు డిండి దగ్గర ఈ రోడ్డే కోసుకుపోయింది.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ అడవి చెంచుల ఇల్లు. పెంటల దగ్గర, అంటే వాళ్ల చిన్న గూడేల దగ్గర, బండి ఆపి, అద్దం దించి, ఫొటో తీసి వెళ్లిపోయేవాళ్లను చూశాను. మన ఇంటి ముందు ఎవరైనా అట్లా చేస్తే ఊరుకుంటామా? ఒకసారి ఒక పెద్దమ్మను ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను. వద్దు బిడ్డా అంది. సరే అని కెమెరా లోపల పెట్టి ఆమె పక్కనే కూర్చున్నా. గంట సేపు చెట్ల గురించి చెప్పింది, ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఏ పూత తర్వాత తేనె దొరుకుతుందో. ఇందాక నీకు చెప్పిన దాంట్లో కొంత ఆమె చెప్పినదే. ఆమె ఫొటో నా దగ్గర లేదు.

తమ్ముడు: వెళ్లే రోజు ఎట్లా పెట్టుకోవాలి? శని, ఆదివారాలు అనుకుంటున్నాం.

అక్క: కార్తీకంలో శని, ఆది, సోమవారాలు వద్దు. శ్రీశైలానికి భక్తులు వరదలా వస్తారు, వాళ్ల ప్రయాణానికి మనం అడ్డం కావద్దు. మంగళవారం నుంచి గురువారం లోపు చూసుకో. నన్నడిగితే పౌర్ణమి కంటే ముందు రోజు, చతుర్దశి నాడు సాయంత్రం డిండిలో ఉండాలి.

తమ్ముడు: పౌర్ణమి నాడే కాకుండా ముందు రోజు ఎందుకు?

అక్క: పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకే పైకొస్తాడు. పైకి తేలేసరికి నేల చీకటి పడుతుంది. చంద్రుణ్ని సరిగ్గా తీస్తే కింద నలుపు, నేలను తీస్తే చంద్రుడు తెల్లటి బిళ్ల. చతుర్దశి నాడు ఇంచుమించు ముప్పావు గంట ముందే వస్తాడు. ఇంకా ఎండ ఉంటుంది, ఎదుటి గట్టు మీద ఆ చివరి పసుపు ఉంటుంది, పైన ఇంచుమించు నిండు చంద్రుడు. రెండు వెలుతురులూ సమానంగా ఉండేది పది, పదిహేను నిమిషాలు. నీళ్లకు పడమటి ఒడ్డున నిలబడి తూర్పుకు చూడాలి.

తమ్ముడు: మీ దగ్గర ఆ ఫొటో ఉందా?

అక్క: రెండుసార్లు పోయాను, రెండుసార్లూ మబ్బు. ఈ ఏడు మళ్లీ పోతున్నాను.

తమ్ముడు: నేనూ వస్తా అక్కా. మావాళ్లు ఇంకో ముగ్గురుంటారు.

అక్క: రండి. నాలుగు గంటలకల్లా డిండి కట్ట దగ్గర ఉండాలి, ఐదింటికి వస్తే లాభం లేదు. సీతాఫలాలు దొరికితే నేను తెస్తాను.