దీనో జోఫ్: గోల్‌కీపర్‌గా ఎన్ని తిట్లైనా పడ్డాడు, కోచ్‌గా ఒక్క మాటకే లేచి వెళ్లిపోయాడు

(స్క్రీన్ మీద: 1982 జులై 5, బార్సిలోనా, సర్రియా స్టేడియం)

ముందు ఈ ఒక్క బంతి చూద్దాం. ఇటలీ 3, బ్రెజిల్ 2. మ్యాచ్ అయిపోవడానికి వచ్చింది, బ్రెజిల్‌కి డ్రా చాలు, సెమీఫైనల్ వాళ్లదే. ఫ్రీకిక్ గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ లోపలికి వచ్చింది, బ్రెజిల్ డిఫెండర్ ఆస్కార్ అందరికంటే పైకి లేచి తలతో కిందకి కొట్టాడు, బంతి గోల్ గీత దగ్గరికి వెళ్లింది, ఇటలీ కీపర్ పక్కకి పడి దాన్ని సరిగ్గా గీత మీద రెండు చేతులతో నేలకి అదిమేశాడు. బయటికి తోసెయ్యలేదు, గమనించారా? తోసుంటే ఎదురుగా ఉన్న ఎవడో ఒకడు మళ్లీ లోపలికి కొట్టేవాడు. బ్రెజిల్ వాళ్లు గోల్ అయిపోయిందని సంబరంగా చేతులు పైకెత్తారు. ఇతను మాత్రం బంతిని వదల్లేదు.

అప్పటికి అతని వయసు 40. పేరు దీనో జోఫ్. ఇటలీ కెప్టెన్.

ఇతని గురించి చెప్పాలంటే సేవ్‌ల లిస్ట్ చదివితే సరిపోదు. గోల్‌కీపర్ అంటే ఏంటి, తొంభై నిమిషాల్లో పది మంది తప్పు చేసినా ఏమీ కాకపోవచ్చు, కీపర్ ఒక్క తప్పు చేస్తే స్కోర్‌బోర్డ్ మారిపోతుంది. తిట్లు పడటం ఆ ఉద్యోగంలో భాగం. జోఫ్ ఇరవై రెండేళ్ల పాటు తిట్లు పడ్డాడు, తర్వాత కోచ్ అయ్యాక కూడా పడ్డాడు, కానీ 2000లో ఒక్కసారి మాత్రం నేను పడను అన్నాడు. ఆ తేడా ఎక్కడొచ్చిందో చూద్దాం.

1942లో ఇటలీ ఈశాన్యంలో ఫ్రియూలీ ప్రాంతంలోని మరియానో అనే పల్లెలో పుట్టాడు. రైతు కుటుంబం. పద్నాలుగేళ్లప్పుడు ఇంటర్, యువెంటస్ అనే పెద్ద క్లబ్బులు రెండూ ట్రయల్స్‌కి పిలిచాయి, రెండూ పొట్టివాడివి పొమ్మన్నాయి. వాళ్ల నాయనమ్మేమో రోజుకి ఎనిమిది గుడ్లు తినమంది. తిన్నాడు. ఐదేళ్లలో 33 సెంటీమీటర్లు పెరిగాడు. ఇది గుడ్ల మహిమా, లేక ఆ వయసులో ఎలాగూ పెరిగేవాడా అని నన్నడక్కండి. మధ్యలో మెకానిక్ పని కూడా నేర్చుకున్నాడు, ఫుట్‌బాల్ అన్నం పెడుతుందని ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు మరి.

1961లో ఉదినేసే క్లబ్ తరఫున ఇటలీ టాప్ లీగ్ సీరీ ఆలో మొదటి మ్యాచ్, ఫియొరెంటినా మీద. ఐదు గోల్స్ తిన్నాడు. తర్వాత ఓ రోజు సినిమాకి వెళ్తే, బొమ్మకి ముందు వేసే న్యూస్‌రీల్‌లో ఆ ఐదు గోల్సే చూపిస్తున్నారు! ఎవరైనా గుర్తుపడతారేమోనని సీట్లో కిందకి జారిపోయానని అతనే చెప్పుకున్నాడు.

అక్కడి నుంచి మాంతువాలో నాలుగేళ్లు, నాపోలీలో ఐదేళ్లు, 30 ఏళ్ల వయసులో యువెంటస్. ఒకప్పుడు పొట్టివాడన్న క్లబ్బే. అక్కడ పదకొండు సీజన్లలో లీగ్‌లో వరసగా 330 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా మిస్ కాలేదు. జ్వరం, దెబ్బ, నడుం నొప్పి, ఏదీ లెక్కలేదు. ఆరు లీగ్ టైటిళ్లు.

అతని ఆటలో గాల్లోకి ఎగిరి దూకడాలు పెద్దగా ఉండవు. బంతి ఎటు వస్తుందో ముందే లెక్కేసి అక్కడ నిలబడి ఉంటాడు, అందుకే కష్టమైన సేవ్ కూడా సులువుగా కనిపిస్తుంది. టీవీలో చూసేవాళ్లకి బోర్ కొట్టొచ్చేమో గానీ డిఫెండర్లకి అలాంటి కీపరే కావాలి. 1972 నుంచి 1974 దాకా ఇటలీ తరఫున ఏకంగా 1142 నిమిషాలు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. దాన్ని బ్రేక్ చేసిందెవరో తెలుసా, హైతీ! 1974 వరల్డ్ కప్‌లో, ఇమాన్యుయెల్ సనోన్ అనే స్ట్రైకర్.

(స్క్రీన్ మీద: 1978 అర్జెంటీనా)

1978 వరల్డ్ కప్‌లో నెదర్లాండ్స్ మీద, తర్వాత మూడో స్థానం మ్యాచ్‌లో బ్రెజిల్ మీద, దూరం నుంచి కొట్టిన షాట్లు లోపలికి వెళ్లిపోయాయి. ఇటలీకి నాలుగో స్థానం. ఇక మొదలుపెట్టారు. ముసలోడైపోయాడు, కళ్లు సరిగా కనపడట్లేదు, పక్కన పెట్టండి అని. జోఫ్ ఎవరికీ ఎదురు చెప్పలేదు. మర్నాడు ప్రాక్టీస్‌కి వెళ్లాడు, ఆ తర్వాత రోజూ వెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత మీరు మొదట్లో చూసిన ఆ బంతి వచ్చింది, ఇంకో ఆరు రోజులకి మాడ్రిడ్‌లో పశ్చిమ జర్మనీని 3-1తో కొట్టి కప్పు ఎత్తాడు. ఇప్పటికీ వరల్డ్ కప్ గెలిచిన ఆటగాళ్లలో అందరికంటే పెద్ద వయసువాడు అతనే.

ఆ టోర్నీలోనే ఒక తమాషా ఉంది. పత్రికల రాతలకి ఒళ్లు మండి ఇటలీ ఆటగాళ్లంతా రిపోర్టర్లతో మాట్లాడటం మానేశారు, అందరి తరఫునా ఒక్కడే మాట్లాడాలని తీర్మానం. ఆ ఒక్కడు జోఫ్. టీమ్ మొత్తంలో నోట్లోంచి మాట రావడమే గగనమైన మనిషిని పంపారన్నమాట!

1983లో గ్లవ్స్ తీసేశాడు. కీపర్లు మంచి కోచ్‌లు కాలేరని ఫుట్‌బాల్‌లో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. మిగతావాళ్లతో కాకుండా ఒక మూల వేరుగా ప్రాక్టీస్ చేస్తారు, పాస్‌లు, అటాక్‌లు వాళ్లకేం తెలుస్తాయి అని. నాకైతే ఇది తిరగేసిన మాటలా అనిపిస్తుంది. మొత్తం ఆట కళ్లెదురుగా కనపడే చోటు మైదానంలో అదొక్కటే కదా.

జోఫ్ మొదట యువెంటస్ కీపర్లకి శిక్షణ ఇచ్చాడు, తర్వాత ఇటలీ ఒలింపిక్ టీమ్‌ని చూసుకున్నాడు, 1988లో యువెంటస్ హెడ్ కోచ్ అయ్యాడు. అసిస్టెంట్‌గా గయెతానో షిరేయా, పాత స్నేహితుడు, ఏళ్ల తరబడి తన ముందు నిలబడి ఆడిన డిఫెండర్. 1989 సెప్టెంబర్‌లో యూరప్ క్లబ్బుల టోర్నీ యూఈఎఫ్ఏ కప్‌లో తమ ప్రత్యర్థి గూర్నిక్ జాబ్జే ఆట చూసి రమ్మని క్లబ్ షిరేయాని పోలాండ్ పంపింది. అక్కడ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ సీజన్‌లోనే జోఫ్ టీమ్ ఆ యూఈఎఫ్ఏ కప్పూ, ఇటలీ దేశవాళీ కప్పు కోపా ఇటాలియా కూడా గెలిచింది. రెండు కప్పులు తెచ్చాడు కాబట్టి ఉంచారనుకుంటున్నారా? తీసేశారు. కొత్త స్టైల్ కావాలని లుయీజీ మైఫ్రెదీని తెచ్చారు, మరుసటి ఏడాది యువెంటస్ ఏడో స్థానం. అప్పుడు కూడా జోఫ్ గొడవ చేయలేదు. లాజియోకి వెళ్లాడు, నాలుగేళ్లు కోచ్, తర్వాత ఏకంగా క్లబ్ ప్రెసిడెంట్.

ఇక అసలు సంగతి, యూరో 2000. 1998 నుంచి ఇటలీ కోచ్ జోఫే. టోర్నీకి కొద్ది రోజుల ముందు మొదటి కీపర్ బుఫాన్ చెయ్యి విరిగింది, ఫ్రాంచెస్కో తోల్దోని దింపాల్సి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్‌తో సెమీస్, అరగంట దాటగానే జాంబ్రోత్తాకి రెడ్ కార్డ్, మిగిలింది పది మంది. నెదర్లాండ్స్‌కి ఆటలోనే రెండు పెనాల్టీలు, ఒకటి తోల్దో ఆపాడు, ఇంకోటి గోల్ స్తంభానికి తగిలింది. షూటౌట్‌లో తోల్దో మళ్లీ రెండు ఆపాడు. ఇటలీ ఫైనల్‌కి.

జులై 2, రాటర్‌డామ్. ఫ్రాన్స్ మీద 1-0. తొంభై నిమిషాలు దాటి, ఆట ఆగినందుకు రిఫరీ కలిపిన నిమిషాలు కూడా అయిపోవస్తున్నాయి, ఇటలీ బెంచ్ మీదవాళ్లు లోపలికి పరిగెత్తడానికి గీత దగ్గర ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. 94వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు విల్తోర్ సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో, 103వ నిమిషంలో ఫ్రాన్స్‌కే చెందిన త్రెజెగే కొట్టాడు, అప్పటి గోల్డెన్ గోల్ రూల్ ప్రకారం ఎక్స్‌ట్రా టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్లదే గెలుపు, మ్యాచ్ అక్కడికక్కడే ఖతం.

మర్నాడు సిల్వియో బెర్లుస్కోనీ నోరు విప్పాడు. అప్పట్లో ప్రతిపక్ష నేత, ఏసీ మిలాన్ ఓనర్. ఫ్రాన్స్ స్టార్ జిదాన్‌ని వెంటాడి కాపలా కాయడానికి ఒక మనిషిని పెట్టకపోవడం అనుభవం లేనివాడు చేసే పని, సిగ్గుచేటు అన్నాడు. జోఫ్ ప్రెస్ మీట్ పెట్టి, గౌరవం గురించి ఆయన దగ్గర పాఠాలు నేర్చుకోనని చెప్పి రాజీనామా ఇచ్చేశాడు.

కొందరు అహంకారం అన్నారు. నాకలా అనిపించదు. 1978లో తిట్టింది గోల్స్ తిన్నందుకు, అవి అతను తిన్న మాట నిజమే, జవాబు మైదానంలో చెప్పొచ్చు. ఇక్కడ కప్పుకి నిమిషం దూరంలో ఆగిన పనిని తీసుకెళ్లి, ఒక రాజకీయ నాయకుడు నలుగురిలో మనిషి పరువు మీదకి తెచ్చాడు. దానికి ప్రాక్టీస్‌లో జవాబు దొరకదు.

తర్వాత 2001లో లాజియోలో కొన్నాళ్లు. 2005 జనవరిలో ఫియొరెంటినా పిలిచింది, అవును, మొదటి మ్యాచ్‌లో ఐదు గోల్స్ కొట్టిన టీమే. కింది లీగ్‌లోకి జారిపోతున్న ఆ టీమ్‌ని సీజన్ చివరి రోజున గట్టెక్కించాడు. ఆ వేసవిలో వాళ్లు వేరే కోచ్‌ని తెచ్చుకున్నారు.