‘చూద్దాం లెండి’ అంటే సరేనని కాదు

నమస్కారం. ఇవాళ మనం అడగకుండానే ఇంటికొచ్చే క్రెడిట్ కార్డు గురించి చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనే ఇది జరిగింది.

మా బాబాయి హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, నూజివీడు దగ్గర ఉంటారు. మామిడికాయల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయనకు ఫోనొచ్చింది. మీ పెన్షన్ ఖాతా చూసి ప్రీ అప్రూవ్డ్ కార్డు ఇస్తున్నాం సార్, పెట్రోలు మీద తగ్గింపు ఉంటుంది, ఎయిర్‌పోర్టులో లాంజ్ ఉంటుంది అంటూ ఒకమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. బాబాయి మధ్యమధ్యలో ఊఁ కొట్టారు, చివర్లో ‘సరేనమ్మా, చూద్దాం లే’ అని పెట్టేశారు. మనవాళ్ళలో ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం వింటున్నామని చెప్పడానికే, చూద్దాం లే అంటే ఇప్పుడు వద్దని మొహమాటంగా చెప్పడమే. ఈ మాట తెలుగు పుట్టుక పుట్టిన ఎవరికైనా అర్థమవుతుంది.

పదిహేను రోజులకు కొరియర్‌లో కవరు వచ్చింది. మందపాటి కాగితం మీద అంటించిన నల్లటి కార్డు, దాని మీద బాబాయి పేరు, వెనకాల చీమతలకాయలంత అక్షరాల్లో నాలుగు పేజీల షరతులు. నేనడగలేదే అనుకుని ఆయన, మా పిన్ని కుట్టుపని కత్తెర తీసుకుని కార్డును రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశారు. పీడ విరగడైందనుకున్నారు. మరుసటి నెల స్టేట్‌మెంట్ వచ్చింది: జాయినింగ్ ఫీజు 3,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 540, మొత్తం 3,540 రూపాయలు. ఆ కార్డు మీద ఆయన ఒక్క టీ కూడా తాగలేదు.

నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. ‘ఒరేయ్, ఇది కట్టకపోతే పెన్షన్ ఆపేస్తారంటావా?’ అన్నారు. నలభై ఏళ్ళు పిల్లలకు వడ్డీ లెక్కలు నేర్పిన మనిషి అలా అడిగేసరికి నాకు కడుపు తరుక్కుపోయింది.

ఆ రాత్రి కూర్చుని నిబంధనలు చదివాను. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు అదే ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మనం కోరకుండా కార్డు ఇవ్వడం పూర్తిగా నిషేధం. ఉన్న కార్డును మనల్ని అడక్కుండా ఇంకా ఖరీదైన కార్డుగా మార్చడం కూడా అంతే. ఒప్పుకోలు స్పష్టంగా ఉండాలి, మౌనంగా ఉన్నాడు కదా, ఊఁ అన్నాడు కదా అంటే కుదరదు. మన సమ్మతి లేకుండా కార్డు ఇచ్చి, దాన్ని యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, ఆ సొమ్ము వెంటనే వెనక్కి ఇవ్వడమే కాదు, దానికి రెండింతలు జరిమానాగా మనకే చెల్లించాలి. బాబాయి లెక్కలో అది 7,080 రూపాయలు. ఈ సంగతి చెబితే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ‘నిజంగా అలా రాసుందా?’ అన్నారు.

రాసుంది. కానీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి అరిస్తే అది మనకు దక్కదు, మన దగ్గర కాగితం ఉండాలి. మేం బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ రాశాం, చాలా చిన్నది. ఈ కార్డు నేను అడగలేదు, నేను ఒప్పుకున్నట్టు మీ దగ్గర ఉన్న సంతకమో రికార్డింగో చూపించండి, లేకపోతే ఫీజు వెనక్కి ఇచ్చి ఖాతా మూసేయండి అని. పది రోజుల్లో ఫీజు తీసేశారు, జరిమానా ఊసెత్తలేదు. నిబంధన పేరు పెట్టి రెండో ఉత్తరం రాస్తే, మూడు వారాలకు ఆ డబ్బు కూడా పెన్షన్ ఖాతాలో పడింది. ఆ ఎస్సెమ్మెస్ బాబాయి ఇప్పటికీ చెరపలేదు.

కత్తెర సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలా ఇళ్ళల్లో చూశాను. ప్లాస్టిక్ ముక్కను కత్తిరిస్తే ఖాతా మూతపడదు. ఏడాది తిరిగేసరికి వార్షిక ఫీజు పడుతుంది, దాని మీద వడ్డీ, ఆలస్య రుసుము, చివరికి రేపు మీ అబ్బాయి చదువుకు లోన్ అడిగినప్పుడు మీ సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతారా లేదా అని చూసే మార్కుల దగ్గర ఆగిపోతారు. మూసేయమని రాతపూర్వకంగానే అడగండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు మీకివ్వాలి. ఇచ్చిన 30 రోజుల దాకా మీరు యాక్టివేట్ చేయని కార్డుకైతే వాళ్ళే ఓటీపీతో మీ అనుమతి అడగాలి, మీరు ఇవ్వకపోతే పైసా తీసుకోకుండా మూసేయాలి. అందుకే ఆ సమయంలో వచ్చే ఓటీపీ విషయంలో జాగ్రత్త. అడ్రసు సరిచూసుకోవడానికని ఎవరు అడిగినా చెప్పకండి. అలా అడిగేవాళ్ళలో బ్యాంకువాళ్ళు కానివాళ్ళూ ఉంటారు. ఒకవేళ చెప్పేసి డబ్బు పోతే, ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఖరీదైన కార్డు అందరికీ చెడ్డదని నేననను. నెలకు నాలుగుసార్లు విమానమెక్కే మనిషికి లాంజ్, పాయింట్లు గిట్టుబాటు కావచ్చు. కానీ నెలకు పదివేలు ఖర్చుపెట్టే ఇంటికి, వందకు రూపాయి చొప్పున వెనక్కి వచ్చినా ఏడాదికి 1,200 వస్తుంది, ఫీజు 3,540. ఈ లెక్క చేసింది బాబాయే, కవరు వెనకాల పెన్సిల్‌తో.

ఫోన్ చేసే పిల్లల మీద కోప్పడకండి, వాళ్ళ నెత్తి మీద టార్గెట్లుంటాయి. మొహమాటపడకుండా ‘వద్దమ్మా, నాకు కార్డు అక్కర్లేదు’ అని ఆ ముక్కే చెప్పండి. అసలు ఈ కాల్సే రాకూడదనుకుంటే 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీలో, అంటే ప్రకటనల కాల్స్ వద్దనేవాళ్ళ జాబితాలో నమోదు చేసుకోవచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది మీకు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఇంటర్నెట్‌లో పెట్టడం రానివాళ్ళు చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో కూడా పంపవచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే రిజర్వు బ్యాంకు హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పెన్ను వెతుక్కుంటున్నవాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఎనిమిది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, టీవీ వెనకో దేవుడి గూట్లోనో విప్పకుండా దాచిన బ్యాంకు కవర్లేమైనా ఉన్నాయేమో ఇవాళే అడగండి.