మెడికల్ కోడింగ్ కబుర్లు: ఈసారి పీఓఏ (అనుకున్నాం)

శిరీష: చార్ట్‌లోని జబ్బులకి బిల్లు కోసం కోడ్లు వేయడమే మన పని. టాపిక్ పీఓఏ, అంటే ప్రెజెంట్ ఆన్ అడ్మిషన్. అడ్మిట్ అయ్యేటప్పటికే ఉన్న జబ్బేది, చేరాక వచ్చిందేది. వై (ఉంది), ఎన్ (లేదు), యూ (రికార్డు చాలదు), డబ్ల్యూ (డాక్టరే తేల్చలేకపోయారు). రఘూ, చార్ట్ చదువు.

రఘు: అమెరికా ఇన్‌పేషెంట్, 78 ఏళ్ల పెద్దాయన. సిగ్మాయిడ్ కోలన్ క్యాన్సర్, లివర్‌కి పాకింది. సి18.7, సి78.7. కీమో నడుస్తోంది. హిమోగ్లోబిన్ 6.8, రెండు యూనిట్లు రక్తం ఎక్కించారు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘ఎనీమియా’ అని ఒక్క ముక్క.

శిరీష: ప్రిన్సిపల్, అంటే చేరడానికి అసలు కారణమైన జబ్బు, ఏది?

రఘు: వచ్చిందే రక్తం కోసం కదక్కా. ఎనీమియానే.

శిరీష: ఆగు. క్యాన్సర్ వల్ల ఎనీమియా అయితే, దానికొక్కదానికే వైద్యం చేసినా సి18.7 ముందు, డి63.0 తర్వాత.

రఘు: డీహైడ్రేషన్‌కి సెలైన్ పెట్టి పంపిస్తే ఈ86.0 ముందొస్తుందిగా!

శిరీష: దాని రూలు దానిదే, ఇక్కడ అతికించకు. కీమో వల్ల వచ్చిన ఎనీమియా అయితే వరస తిరగబడుతుంది. డి64.81 ముందు, తర్వాత క్యాన్సర్ కోడ్లు, కీమో మందు దుష్ప్రభావం కోడ్ టి45.1ఎక్స్5ఏ.

రఘు: సరే, కోడ్ల పుస్తకం ఇండెక్స్‌లో ఎనీమియా కింద ‘ఇన్, విత్’ ఉంది. డాక్టర్ రాయకపోయినా లింకు ఉన్నట్టే. డి63.0 వేసేస్తా.

శిరీష: అదే లైను కింద కీమో కూడా ఉంది. రక్తం పోవడమూ ఉంది. మూడింట్లో నువ్వెవరివి ఎంచుకోవడానికి?

రఘు: వచ్చేసింది క్వెరీ అమ్మవారు, డాక్టర్‌ని రాసి అడగమని!

శిరీష: వస్తుంది మరి. ఆస్పత్రికి వచ్చే డబ్బు తేల్చే గ్రూపు డీఆర్‌జీ ఉందిగా, సి18.7 ముందుంటే డీఆర్‌జీ 374 నుంచి 376 దాకా, డి64.81 ముందుంటే 811, 812. డబ్బు మారే చోట ఊహతో కోడ్ వేస్తే ఆడిట్‌లో నిలబడదు. హిమోగ్లోబిన్, కీమో తేదీలు, మలంలో రక్తం పోతోందా లేదా, అన్నీ రాసి కారణం అడుగు. ‘కీమో వల్లే కదా’ అని అడిగావో, అది లీడింగ్, జవాబు నోట్లో పెట్టడం. ‘ఇతర కారణం’, ‘చెప్పలేం’ అన్న ఆప్షన్లూ ఉండాలి.

రఘు: ప్రొడక్షన్ టార్గెట్ ఎవరిస్తారు, అమ్మవారా?

శిరీష: చార్ట్ హోల్డ్‌లో పెట్టి తర్వాతిది తీయి. నవ్వకు.

రఘు: పీఓఏ?

శిరీష: ఎనీమియాకి వై. ఆయనకి నడుం కింద పడక పుండు కూడా ఉందని నర్సు నోట్స్‌లో ఉందిగా?

రఘు: చేరినప్పుడు స్టేజ్ 2, వెళ్ళేటప్పటికి 3.

శిరీష: రెండు కోడ్లు. ఎల్89.152 వై, ఎల్89.153 ఎన్. స్టేజ్ నర్సు నోట్స్‌లోంచి తీసుకోవచ్చు. పుండు ఉందని మాత్రం డాక్టరే రాయాలి.

రఘు: రాయలేదక్కా.

శిరీష: అయితే...

రఘు: అనకు!

శిరీష: క్వెరీ.