సైటేషన్ల లెక్కలో సైంటిస్టు ఎంతవరకు కనిపిస్తారు?

[తెర మీద: పరీక్షనాళికలోని ద్రవం మెల్లగా నీలం రంగుకు తిరుగుతుంది]

ఈ నీలం రంగు చూడండి. లోకంలో మిగతా శాస్త్రవేత్తలు అత్యధికసార్లు ఉటంకించిన పరిశోధన పత్రం దీని గురించే. ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు 1951లో రాశారు. ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి అది. ఇప్పటికి 3 లక్షలకు పైగా సైటేషన్లు, అంటే వేరే పత్రాల్లో ప్రస్తావనలు!

మరి డీఎన్ఏ రెండు పేటల మెలిక అని 1953లో వాట్సన్, క్రిక్ రాసిన పత్రం? 2014లో నేచర్ పత్రిక వేసిన తొలి 100 జాబితాలో దానికి చోటే లేదు.

[తెర మీద: పక్కపక్కనే రెండు పత్రాల మొదటి పేజీలు]

ఎందుకిలా? ప్రొటీన్ కొలిచిన ప్రతి ల్యాబూ "లౌరీ పద్ధతిలో కొలిచాం" అని రాయాలి, అప్పుడే చదివేవాళ్లకు ఆ అంకె మీద నమ్మకం. డీఎన్ఏ మెలిక సంగతి అలా కాదు, పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లిపోయింది. అందరికీ తెలిసినదానికి ఆధారం చూపించాల్సిన పనేముంది?

తనది గొప్ప పత్రమేమీ కాదని 1977లో లౌరీయే రాశారు. నాకు మాత్రం ఆయన పని చిన్నదిగా తోచదు. వేల ల్యాబుల్లో తెల్లారితే చేతికి అందే పనిముట్టు అది. కాకపోతే వాడకం వేరు, ఆలోచనను మలుపు తిప్పడం వేరు. సైటేషన్ల లెక్క రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

[తెర మీద: పత్రాలు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా పేర్చుకుంటాయి]

ఇక హెచ్-ఇండెక్స్, అంటే ఒకరి పత్రాలనూ వాటి సైటేషన్లనూ కలిపి ఒక్క అంకెలో చెప్పే కొలత. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం 30 సైటేషన్లు వచ్చిన పత్రాలు మీవి 30 ఉంటే మీ హెచ్ 30. ఇంకొకరు ఐదే పత్రాలు రాశారు, ఒక్కోదానికి పదివేల సైటేషన్లు. ఆవిడ హెచ్ ఎంత? 5. అంతకు మించి పెరగదు!

అందుకే నాకు ఫ్రెడరిక్ శాంగర్ గుర్తొస్తారు. ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉన్నాయో తేల్చడానికి పదేళ్లకు పైగా కూర్చున్నారు. 1958లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత డీఎన్ఏ వైపు తిరిగి, అందులోని రసాయన అక్షరాల వరుసను చదివే పద్ధతిని 1977లో ప్రచురించారు. 1980లో రెండో నోబెల్. మనిషి డీఎన్ఏను చదివిన, 2003లో ముగిసిన మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిచింది ఆ పద్ధతి మీదే. ఏటా ఇన్ని పత్రాలు రాయాలని ఆయన్ను తరిమి ఉంటే ఇన్సులిన్ మధ్యలోనే ఆగిపోయేదేమోనని నా భయం.

[తెర మీద: మచ్చల మొక్కజొన్న గింజలు]

మొక్కజొన్న జన్యువుల మీద పనిచేసిన బార్బరా మెక్లింటాక్‌ది ఇంకా పెద్ద నిరీక్షణ. జన్యు పదార్థంలోని ముక్కలు క్రోమోజోముల మీద చోటు మారతాయని 1950లో రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960ల చివర్లో బాక్టీరియాలోనూ అలాంటివి బయటపడ్డాక గానీ చూపు అటు మళ్లలేదు. నోబెల్ వచ్చింది 1983లో. ఆమె పత్రానికి తొలి ఐదేళ్లలో వచ్చిన సైటేషన్లు చూసి ఎవరైనా ఏం చెప్పగలిగేవారు?

[తెర మీద: ఒక పత్రం మీది పేర్ల వరుస]

మాలిక్యులర్ బయాలజీలో పేర్ల వరుసకూ అర్థం ఉంది. మామూలుగా మొదటి పేరు ప్రయోగాల్లో ఎక్కువ భాగం చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపేవాళ్లది. మధ్యలో ఉన్నవాళ్లు ఒక ప్లాస్మిడ్ (ప్రయోగాల్లో వాడే చిన్న డీఎన్ఏ వలయం) ఇచ్చి ఉండొచ్చు, ఒక బొమ్మ తీసి ఉండొచ్చు. సైటేషన్ మాత్రం అందరి ఖాతాలోనూ సమానంగానే పడుతుంది.

కాబట్టి ఒక శాస్త్రవేత్త పత్రాలు, సైటేషన్లు చూపించే ఆన్‌లైన్ ప్రొఫైల్ తెరిస్తే పైనున్న పెద్ద అంకె దగ్గరే ఆగకండి. ఎక్కువ సైటేషన్లున్న పత్రం మీద నొక్కండి. ఇతరుల పరిశోధనలను కూర్చి చెప్పే సమీక్షా వ్యాసమా, సొంత ప్రయోగమా చూడండి. దాన్ని ఉటంకించిన పత్రాలు నాలుగైదు తెరిచి, ఈ పత్రం ప్రస్తావన ఎక్కడ వచ్చిందో వెతకండి. పద్ధతుల భాగంలో ఉంటే, అది లౌరీ తరహా ఉపయోగం. ఫలితాల చర్చలో ఉంటే, ఆ వాక్యం మొత్తం చదవండి. "ఈ ఫలితం మాకు రాలేదు" అని రాసినా లెక్కలో అదీ ఒక సైటేషనే.