మరక ఎటు నుంచి వచ్చిందో చూడండి

అందరికీ నమస్కారం అండి. స్టేజీ మీదున్న పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు గానీ నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ చదివేసారు, అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం. నాకిచ్చిన టాపిక్ ఫోటోషాప్‌లో గ్రంజ్ ఎఫెక్టు. పాతబడ్డట్టు, తుప్పు పట్టినట్టు, పెచ్చులూడినట్టు కనపడేలా చెయ్యటం.

మామూలుగా ఏం చేస్తాం, నెట్‌లో ఒక టెక్స్చర్, అంటే గరుకు గోడ లాంటి ఫోటో దింపి మన ఫోటో మీద పడేసి, రెండూ కలిసిపోయేలా మల్టిప్లై మోడ్ పెట్టి, ఒపాసిటీ తగ్గించి పల్చన చేస్తాం, అయిపోయింది. మల్టిప్లైలో తెలుపు మాయమయ్యి ముదురు మిగిలిద్ది, స్క్రీన్ మోడ్‌లో దానికి రివర్సు, ఇది మీకు నేను చెప్పక్కర్లా. పదిహేనేళ్ళు నేనూ అదే చేసా. ఏ ఫ్లెక్సీ అయినా అదే గోడ, ఎక్కడో చలిదేశంలో నాచు పట్టిన గోడ.

అది తప్పని తెలిసింది 2024 సెప్టెంబర్‌లో, విజయవాడ మీదకి బుడమేరు వాగు వరద వచ్చినప్పుడు. సింగ్ నగర్ వాళ్ళు ఎవరన్నా ఉంటే చేతులెత్తండి... చూసారా, ఎంతమందో. మా అక్కా వాళ్ళది అక్కడే, గ్రౌండ్ ఫ్లోరు. నీళ్ళు తీసాక బురద ఎత్తిపొయ్యటానికి వెళ్ళాం. హాల్లో గోడ మీద గీత, నా గుండెల దాకా. నేను బ్రష్‌తో వేసే మరక మధ్యలో చిక్కగా ఉండి అంచుల్లో పల్చబడేది, ఇక్కడ అంచే ముదురు, లోపలంతా పల్చన. ఎందుకంటే అంచు ముందు ఆరిద్ది, ఆరే చోటికి నీళ్ళు ఒండ్రుని లాక్కొచ్చి అక్కడ వదిలేస్తాయి. టీ గ్లాసు కింద పడే రింగు చూడండి, అదే లెక్క. దాని కింద ఇంకో గీత, దాని కింద ఇంకోటి, నీళ్ళు తీస్తా తీస్తా ఎక్కడ ఆగితే అక్కడ. గోడలో మేకు నుంచి తుప్పు కిందకే కారింది, పక్కలకి కాదు. మనం తుప్పు ఎక్కడబడితే అక్కడ చల్లుతాం!

ఇక ఆల్బమ్. అక్క పెళ్ళి 1998లో, ఆల్బమ్ బీరువా అడుగు అరలో పెట్టింది. పేజీలన్నీ అతుక్కుపోయినయ్. ఫోటో పైపొరలో జెలటిన్ ఉండిద్ది కదా, తడిస్తే జిగురే. తొందరపడి నేనే పేజీలు లాగేసా. లాగకూడదు, చల్లటి మంచినీళ్ళలో పెట్టి నిదానంగా విడదియ్యాలి, నాకు అప్పుడు బుర్ర పనిచెయ్యలా. కన్యాదానం ఫోటోలో మా నాన్న మొహం ఊడొచ్చి ఎదురు పేజీకి అతుక్కుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది అండి. అక్క ఏమీ అనలా, ఆ పేజీని కొంగుతో తుడుస్తా కూర్చుంది.

సారీ, టాపిక్‌లోకి వస్తా. ఇది కూడా టాపిక్కే.

ఆ ఫోటో మూల దగ్గర పెట్టుకుని చూసా. మంచిగా ఉన్న భాగం పక్కన ఎర్రటి పట్టీ, దాని తర్వాత పసుపు, ఆ తర్వాత తెల్ల కాగితం. రంగుల ప్రింటులో పైపొర సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం, మధ్యలో మెజెంటా, అంటే ముదురు గులాబీ, అడుగున పసుపు. సయాన్ కరిగితే ఎరుపు మిగిలిద్ది, మెజెంటా కూడా పోతే పసుపు, అదీ పోతే కాగితమే. కాబట్టి తడిసిన ఫోటో చెయ్యాలంటే మీద గోధుమ రంగు పుయ్యటం కాదు, ఛానల్స్‌లోకి వెళ్ళండి, ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఉండేది అక్కడే. రెడ్‌లో తెలుపు కొడితే సయాన్ పోయినట్టు, గ్రీన్‌లో కొడితే మెజెంటా, బ్లూలో కొడితే పసుపు. డూప్లికేట్ లేయర్ మీద, రెడ్ ఛానల్‌లో మూల నుంచి గరుకు బ్రష్‌తో తెలుపు కొట్టండి, గ్రీన్‌లో కొంచెం తక్కువ మేర, బ్లూలో ఇంకా తక్కువ. మూడూ కలిపి చూపించే ఆర్జీబీకి వచ్చి చూడండి, ఎరుపు, పసుపు, తెలుపు వాటంతటవే వస్తాయి. మధ్యలో మొదలుపెట్టొద్దు, నీళ్ళు మూల నుంచే ఎక్కుతాయి.

పిల్లలూ, మీకు చెప్తున్నా, ఫోన్ అందరి చేతుల్లోనూ ఉంది గదా. వన్‌టౌన్ సందుల్లో తిరగండి, షట్టర్లు, పాత గేట్లు, పోస్టర్లు చింపిన గోడలు తియ్యండి. ఎదురుగా నుంచుని తియ్యండి, మబ్బుగా ఉన్నప్పుడు తియ్యండి, ఎండలో తీస్తే నీడలొచ్చి మీ ఫోటోలో వెలుగుకి అడ్డం తగులుతాయి. ఇంటికొచ్చి బ్లాక్ అండ్ వైట్ చేసి లెవెల్స్ బిగిస్తే, అంటే నలుపు తెలుపుల తేడా పెంచితే, మీ సొంత బ్రష్ అది. ఇవాళే తియ్యండి, రేపు ఎవరో ఒకరు సున్నం వేస్తారు. అక్కా వాళ్ళు సంక్రాంతికి వేసేసారు, వెయ్యక ఏం చేస్తారు, ఆ గీత రోజూ చూస్తా అన్నం ఎట్టా తింటారు. నేను ముందురోజు వెళ్ళి గోడంతా జానా జానా ఫోటోలు తీసుకొచ్చా.

అవన్నీ ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, టీ టైంలో ఎవరికి కావాలంటే వాళ్ళు కాపీ చేసుకోండి, డబ్బులేం వద్దు. ఆల్బమ్‌వి మాత్రం అందులో లేవు. అవి అడగొద్దు.