సలుపా, మంటా, తిమ్మిరా?

అందరికీ నమస్కారం. రేపటి నుంచి ఓపీలో కూర్చోబోతున్న హౌస్ సర్జన్లు మీరు. మీతో నొప్పుల గురించే మాట్లాడాలని వచ్చాను.

మా నల్గొండ వైపు ఏ సర్కారు దవాఖానలో చూసినా ఓపీ చీటీల మీద నడుం, మోకాళ్ళు, మెడ, అరికాళ్ళే. నాట్లు అయిపోగానే నడుం పట్టుకుని ఆడవాళ్ళు వస్తారు. అప్పటికే ఊళ్ళో రెండు మూడు డైక్లోఫెనాక్ నొప్పి సూదులు వేయించుకుని ఉంటారు. మనమూ 'ఒళ్ళు నొప్పులు' అని రాసి, అదే గోలీ ఇచ్చి పంపేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒకరోజు ఒక పెద్దమ్మ వచ్చి, సంచిలోంచి ఖాళీ మందుల అట్టలు తీసి బల్ల మీద పరిచింది. అన్నీ నొప్పి గోలీలే. "నొప్పి ఎట్లుంటదమ్మా?" అన్నాను. "నొప్పి గాదు సారూ, మంట. రాత్రి దుప్పటి తాకినా ఓర్వలేను. చెప్పు జారిపోయినా తెల్వదు" అంది. షుగర్ చూస్తే 300 దాటింది. అది నరాల నొప్పి. డైక్లోఫెనాక్ దానికి పెద్దగా పనిచేయదు, పైగా షుగర్‌తో నలుగుతున్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తుంది. షుగర్‌కు మందులు సరిచేసి, గుండె జబ్బు లేదని చూసుకుని, నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములు ఇచ్చాను. చవక మందే. నెల తర్వాత మంట పూర్తిగా పోలేదు గానీ, నిద్ర పడుతోందని చెప్పింది.

సలుపు, పోటు, గుంజుడు, తిమ్మిరి, జివ్వుమనడం... నొప్పికి మనవాళ్ళ దగ్గర ఇన్ని మాటలున్నాయి. మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు అంటే నరాన్ని అనుమానించండి. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి గంటైనా వదలకపోతే కీళ్ళవాతమేమో చూడండి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు నుంచి వచ్చినవాళ్ళకు నడుం, మెడ వంగకపోతే, ఎన్నేళ్ళు బోరు నీళ్ళు తాగారో అడగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే ఎముకలే మారిపోవచ్చు. తర్వాత మంచినీళ్ళు వచ్చినా పాత నడుం తిరిగి రాదు.

మూడు నెలలు దాటిన నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన జబ్బుల కొత్త పట్టికలో విడిగా కోడ్‌లున్నాయి. 2022 నుంచి అది అమల్లో ఉంది. మనం 'ఒళ్ళు నొప్పులు' అని రాసినన్నాళ్ళూ ఆ పెద్దమ్మ ఏ లెక్కలోకీ రాదు. అందుకే చీటీ మీద ఎన్నాళ్ళుగా, ఎలాంటి నొప్పి, ఇప్పటిదాకా ఏం మింగారు అన్నవి రాయండి. పరికరాలు లేవని ఆగకండి. చెప్పులు విడిపించి, కళ్ళు మూసుకోమని, దూదిపింజతో పాదాన్ని తాకి, స్పర్శ తెలుస్తోందో లేదో చూడండి.